తెరమీది కోర్టు - మన కోర్టు

మన దేశంలో చాలామంది స్త్రీలు కోర్టు గుమ్మం తొక్కకముందే కోర్టును చూసేసి ఉంటారు. సినిమాలో చూసి ఉంటారు, టీవీలో చూసి ఉంటారు. బోను, నల్లకోటు, భగవద్గీత మీద ప్రమాణం, 'ఆర్డర్ ఆర్డర్' అంటూ జడ్జి బల్లమీద కొట్టే కొయ్య సుత్తి, ఆఖరి నిమిషంలో తలుపు తోసుకొచ్చే సాక్షి. ఇవన్నీ మనకు కంఠతా వచ్చు. మన కోర్టుల్లో జడ్జీలు సుత్తి వాడరనీ, 1969 నాటి ప్రమాణాల చట్టంలో మత గ్రంథం ప్రస్తావనే లేదనీ చాలామందికి తెలియదు. ఈ పొరపాట్ల వల్ల ఎవరికీ నష్టం లేదు. నష్టం చేసే పొరపాట్లు వేరే ఉన్నాయి. వాటి గురించి స్త్రీల సంఘాలు మాట్లాడుకోవలసిన అవసరం ఉంది.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. ఈ సినిమాలు కొంత మేలు చేశాయి. మోసపోయిన స్త్రీ తలవంచుకుని ఇంట్లో కూర్చోకుండా కోర్టుకెక్కితే ఏమవుతుందో 1981లోనే 'న్యాయం కావాలి' మన ప్రేక్షకులకు చూపింది. అందులో ఆమె పక్షాన వాదించింది కూడా స్త్రీయే. వాయిదాల మీద వాయిదాలు పడే కోర్టుల మీద కోపాన్ని 1993లో 'దామిని' దేశమంతటా వినిపించింది. 2016 నాటి హిందీ 'పింక్', దాని ఆధారంగా 2021లో వచ్చిన 'వకీల్ సాబ్' స్త్రీ వద్దంటే దానర్థం వద్దనేనని, ఆమె దుస్తులూ స్నేహాలూ అంగీకారం కిందికి రావని లక్షలమందికి చెప్పాయి. మన కరపత్రాలు చేరని చోట్లకు ఆ మాట చేరింది.

అయితే ఆ మాట చెప్పడానికి వాళ్లు ఎంచుకున్న దారి చూడండి. 'పింక్'లో కిక్కిరిసిన కోర్టు గదిలో, తండ్రి వింటూ ఉండగా, ఆ అమ్మాయిని ఆమె లాయరే కన్యవేనా అని అడుగుతాడు. ఆమె మంచికోసమే అడిగాడని కథ చెబుతుంది. కానీ ఇంటికి వెళ్లిన ప్రేక్షకురాలికి గుర్తుండేది ఒక్కటే: కోర్టుకెళితే నలుగురిలో ఇలాంటివి అడుగుతారు. కేసు పెడదామా అన్నప్పుడు 'అంతమందిలో ఏమేం అడుగుతారో' అన్న జవాబు మనలో వినని కార్యకర్త ఉండదు.

ఆ భయం ఉత్తి సినిమా భయమేమీ కాదు. 1978లో హైదరాబాదులో రమీజాబీ కేసు విచారణలో పోలీసుల తరఫువాళ్లు చేసిన పని ఆమెను వేశ్యగా చిత్రించడమే. పోలీసుల దోషాన్ని ముక్తదర్ కమిషన్ తేల్చి చెప్పినా, కేసు కర్ణాటకలోని రాయచూరు కోర్టుకు బదిలీ అయి, పోలీసులు నిర్దోషులుగా బయటపడ్డారు. మథుర కేసులోనూ ఆమె ఒంటిమీద గాయాలు లేవనీ, ఆమె ప్రతిఘటించలేదనీ సుప్రీంకోర్టు పోలీసులను వదిలేసింది. 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. దేశమంతటా స్త్రీలు రోడ్డెక్కారు.

ఆ పోరాటం వృథా పోలేదు. 1983 సవరణతో అత్యాచారం కేసుల విచారణ మూసిన తలుపుల వెనుక జరగాలన్న నియమం వచ్చింది. బాధితురాలి పేరు ప్రచురించడం నేరమైంది. పోలీసు కస్టడీలో జరిగిన అత్యాచారాల్లో తన అంగీకారం లేదని ఆమె చెబితే కోర్టు ఆ మాటనే నిజమని భావించి మొదలుపెట్టాలన్న సూత్రం వచ్చింది. ఇలాంటి కేసుల్లో ఆమె నడవడిక మీద ప్రశ్నలు వేస్తుంటే న్యాయమూర్తి మౌన ప్రేక్షకుడిలా కూర్చోరాదని 1996లో గుర్మీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆమె 'నీతిలేనిది' అని చూపించి సాక్ష్యాన్ని కొట్టేయడానికి వీలిచ్చిన సాక్ష్య చట్టపు నిబంధనను 2003లో తీసేశారు. నిందితుడు కనబడకుండా తెర ఏర్పాటు చేయవచ్చని, ఇబ్బందికరమైన ప్రశ్నలను రాసి జడ్జికిస్తే జడ్జే మర్యాదైన భాషలో అడగాలని 2004లో 'సాక్షి' సంస్థ వేసిన కేసులో తీర్పు వచ్చింది. పిల్లల విషయంలో 2012 నాటి పోక్సో చట్టం మరో అడుగు ముందుకేసి, లాయర్ల ప్రశ్నలు జడ్జి ద్వారానే వెళ్లాలంది. 2024 జూలై 1న కొత్త క్రిమినల్ చట్టాలు అమల్లోకి వచ్చినా మూసిన తలుపుల విచారణ, పేరు గోప్యత కొనసాగుతున్నాయి.

ఈ నియమాలన్నీ ప్రతి కోర్టులో సక్రమంగా అమలవుతున్నాయని మనం అనడం లేదు. అమలు కాకపోతే అడగాలంటే అసలు ఉన్నాయని తెలియాలి కదా. తెరమీది కోర్టులో తలుపులు మూసిన గదీ, అడ్డుతెరా దాదాపు కనిపించవు. గది నిండా జనం లేకపోతే నాటకం రక్తికట్టదు. స్త్రీలు పోరాడి తెచ్చుకున్న రక్షణలను ఆ జనం కోసం చెరిపేస్తున్నారు.

రెండో పొరపాటు న్యాయం ఎవరివల్ల వస్తుందన్నది. తెరమీద అది కథానాయకుడి గొంతులోంచి వస్తుంది. 'వకీల్ సాబ్'లో ఆ గొంతుకు ఫైట్లు కూడా తోడయ్యాయి. స్త్రీ ఏడుస్తూ నిలబడుతుంది, ఆయన గెలిపిస్తాడు. వాస్తవంలో అత్యాచారం కేసు నడిపేది ప్రభుత్వం, వాదించేది పబ్లిక్ ప్రాసిక్యూటర్. బాధితురాలు కోర్టు అనుమతితో ఆయనకు సాయంగా తన లాయరును పెట్టుకోవచ్చు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి స్త్రీకీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. ఈ సంగతులు తెలియని స్త్రీ 'పెద్ద లాయరు కావాలి, డబ్బెక్కడిది?' అని ఆగిపోతుంది.

కేసు నిలబడేది గొప్ప ఉపన్యాసం మీద కాదు. ఫిర్యాదు సరిగా రాయడం, వైద్య పరీక్ష సకాలంలో జరగడం, సాక్షులు బెదిరింపులకు లొంగకపోవడం, ప్రతి వాయిదాకూ పక్కన ఒక మనిషి ఉండడం మీద. తమిళనాడులో 1993లో జరిగిన లాకప్ మరణం ఆధారంగా 2021లో వచ్చిన 'జై భీమ్' కూడా లాయరు చుట్టూనే తిరుగుతుంది. అయినా రాజీ డబ్బు వద్దన్న స్త్రీ పట్టుదలను, ఆమె వెంట నిలిచినవాళ్లను అది మరిచిపోలేదు. అంతమాత్రం చేసిన సినిమాలు కూడా అరుదే.

తెరమీద తీర్పుతో కథ ముగుస్తుంది. భన్వరీదేవి విషయంలో 1995లో జైపూర్ కోర్టు తీర్పు నిందితులను వదిలేసింది. సినిమా లెక్కలో అది ఓటమి. కానీ స్త్రీల సంఘాలు అప్పటికే సుప్రీంకోర్టుకు వెళ్లి ఉన్నాయి. 1997లో విశాఖ మార్గదర్శకాలు, 2013లో పనిచేసే చోట లైంగిక వేధింపుల చట్టం వచ్చాయి. ఆమెకు జరిగిన అన్యాయం దానితో మాసిపోదు. అయితే పోరాటం ఒక్క తీర్పుతో ఆగలేదు. ఇక మనోవర్తి కోసం, గృహహింస చట్టం కింద రక్షణ కోసం రోజూ కోర్టు వరండాల్లో కూర్చునే వేలమంది స్త్రీల కథ ఎవరికీ సినిమాగా కనబడదు. వాళ్ల తగాదాలు టీవీ స్టూడియోలో పంచాయితీగా మారితే మాత్రం మంచి వినోదం. అక్కడ పేరు దాచరు, ముఖం దాచరు. వాళ్లు చెప్పే తీర్పుకు చట్టంలో విలువా లేదు.

2025లో వచ్చిన 'కోర్ట్' గురించీ చెప్పుకోవాలి. మైనరు అమ్మాయి, పేదింటి అబ్బాయి ప్రేమించుకుంటే ఇంటిపెద్ద పోక్సో కేసు పెట్టించిన కథ అది. కులం దాటిన, హోదా దాటిన ప్రేమలను అణచడానికి కుటుంబాలు చట్టాన్ని వాడుకోవడం నిజమే. ఆ మాట స్త్రీల సంఘాలూ అంటున్నాయి. కానీ అక్కడ దోషి పరువు పేరిట పెత్తనం చేసే ఇంటిపెద్ద. 'ఆడవాళ్ల చట్టాలన్నీ ఇంతే' అనుకుంటూ హాలు బయటికి రావడం మాత్రం ఆ పెత్తనానికే బలమిస్తుంది. పిల్లలమీద నిజంగా జరిగే దౌర్జన్యాలను బయటపెట్టడం అసలే కష్టం. ఈ మాట దాన్ని మరింత కష్టం చేస్తుంది.

సినిమాలు నిషేధించమని మనం అడగడం లేదు. వాటిని చూసి ఊరుకోవద్దంటున్నాం. మన సమావేశాల్లో ఈ సినిమాలు చూపించి, ఏది నిజం, ఏది కల్పన అని ఒక న్యాయవాదిని కూర్చోబెట్టి చర్చ పెడదాం. సాక్ష్యం చెప్పాల్సిన స్త్రీని ముందే ఒకరోజు ఖాళీ కోర్టు గదికి తీసుకువెళ్లి ఎవరెక్కడ కూర్చుంటారో చూపిద్దాం. మూసిన గదిలో విచారణ, అడ్డుతెర అడగమని ప్రాసిక్యూటరుకు ముందుగానే చెబుదాం. ఉచిత న్యాయ సహాయానికి 15100 నంబరు ప్రతి సంఘం గోడమీదా రాయిద్దాం. కోర్టు కథలు తీసేవాళ్లు స్త్రీల కేసులు నడిపినవాళ్లతో ఒక్కసారైనా మాట్లాడి తీయాలని పట్టుబడదాం.

బోనెక్కే స్త్రీకి తన హక్కులు తెలిసి ఉండాలి. ఆమె మాట వినడానికి మనం పక్కన ఉండాలి. గట్టిగా అరిచే నాయకుడి కోసం ఆమె ఎదురుచూడనక్కర లేదు.