మత్తడి కింది ఇల్లు

పిల్లల పేజీకి ఇంగ్లీషు వ్యాసాలు కూడా పంపమని ఈసారి బడులను అడిగాం. మానేరు ఒడ్డున ఉన్న ఒక ఊరి బడి నుంచి వచ్చిన కాగితాల కట్టలో ‘మా ఊరు’ అనే వ్యాసం ఉంది. ఆరో తరగతి అమ్మాయి రాసింది. తమ ఇల్లు ఎక్కడుందో చెబుతూ ‘బిలో ద మత్తడి’ అన్నది. ఎర్రసిరాతో ఆ మాటలు కొట్టేసి, పైన ‘నియర్ ద లేక్’ అని దిద్దారు. ఒక మార్కు కోశారు.

దిద్దిన సారును నిందించడం మా ఉద్దేశం కాదు. ఆయనకు ఏది నేర్పారో అదే ఆయన నేర్పుతున్నారు. కానీ ఆ మార్కు పోవడం అన్యాయం. ఆ అన్యాయం ఒక్క బడిలో, ఒక్క కాగితం మీద జరిగి ఆగిపోయేది కాదు.

చెరువు నిండితే నీళ్లు మత్తడి దుంకి ఎటు పోతాయో ఈ జిల్లాల పాఠకులకు మేం చెప్పనక్కర్లేదు. ఇల్లు మత్తడి కింద ఉందంటే ఏ వానకు వడ్ల బస్తాలు అటక ఎక్కించాలో, ఏ రాత్రి ఇంట్లో ఎవరో ఒకరు మేలుకొని ఉండాలో చెప్పినట్టే. కట్ట మీది ఇల్లు వేరు. తూము కాడి పొలం వేరు. శిఖంలో వేసిన గుడిసె వేరు. దాని మీద హక్కు ఎవరిదనే పంచాయితీ కూడా వేరు. ‘నియర్ ద లేక్’ అన్నాక ఇవన్నీ ఒక్కటే. అమ్మాయి ఎక్కువ చెప్పింది, దిద్దుబాటు దాన్ని తగ్గించింది. ఆ వాక్యంలో మొత్తం ఊరి గురించి తెలిసిన తెలివి ఉంటే, పైన దిద్దిన మూడు మాటల్లో ఏ ఊరూ లేదు.

2022-23 నుంచి రాష్ట్రంలోని సర్కారు బడుల్లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇంగ్లీషు మీడియం వచ్చింది. పుస్తకం తెరిస్తే ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు. ఆ ఏర్పాటుతో మాకు గొడవ లేదు. సిరిసిల్ల నుంచి, జగిత్యాల నుంచి దుబాయికి, మస్కట్‌కు పోయే బిడ్డలకు ఇంగ్లీషు కూడు పెడుతుందన్న మాట నిజమే. మా గొడవ, ఎక్కడుంది ఏముంది అని చెప్పడం నేర్పే పాఠంతో. ఆ పాఠం ఎక్కడ చూసినా చాలావరకు ఒక్కతీరే ఉంటుంది. బల్ల మీద పుస్తకం, బల్ల కింద పిల్లి. పార్కు పక్కన పోస్టాఫీసు, దానికి ఎదురుగా సూపర్ మార్కెట్టు, మూల మీద బేకరీ. ఇన్, ఆన్, అండర్, బిహైండ్, ఆపోజిట్. కెరమెరి గుట్టల నడుమ గూడెంలో ఉన్న పిల్ల తన ఇంటిని ఆ బొమ్మలో ఎక్కడ పెట్టుకోవాలి?

ఇక్కడ మనుషులు చోటు చెప్పే పద్ధతే వేరు. నీళ్లు పారే వాలును బట్టి మీదికి, కిందికి అంటారు. పొద్దును బట్టి దిక్కు చెబుతారు. ఒర్రె అవతల, గుట్ట ఎనుక, చెలక ఒడ్డు, లొద్దిలోపల అంటారు. ఈ మాటల్లో మాట్లాడేవాడి ఒంటికంటే ముందు నేల ఉంటుంది, నీరు ఉంటుంది. ఇంగ్లీషు లెఫ్ట్, రైట్, ఆపోజిట్‌లు వీధిలో నిలబడ్డ మనిషి ఒంటిని బట్టి పుట్టినవి. వీధికి అవి సరిపోతాయి. వాగుకు సరిపోవు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో గూగు యిమిథిర్ అనే భాష ఉంది. ఆ భాషవాళ్లు కుడి ఎడమలకు బదులు, పక్కనున్న గిన్నెను చూపడానికి కూడా తూర్పు పడమరలే వాడతారని జాన్ హావిలాండ్, స్టీఫెన్ లెవిన్‌సన్ లాంటి పండితులు ఏళ్ల తరబడి అధ్యయనం చేసి రాశారు. ప్రపంచం దాన్ని అబ్బురంగా చదివింది. మన తాతలు పొలంలో మాట్లాడిన మాట మాత్రం మన బడిలో ఎర్రసిరా పాలయింది.

ఇంకొక సంగతి చెప్పాలి. 1770లో కెప్టెన్ కుక్ ఓడవాళ్లు కంగారూ అనే మాటను తీసుకున్నది ఆ గూగు యిమిథిర్ వాళ్ల దగ్గరే. ఇంగ్లీషు ఎప్పుడూ అంతే. తనకు లేని మాట కనపడితే మొహమాటం లేకుండా తీసుకుంటుంది. ఈ దేశాన్ని కొలిచిన దొరలు పటాలు గీసేటప్పుడు నాలాను నాలా అనే రాశారు, ఘాట్‌ను ఘాట్ అనే రాశారు. బండ్ మనవైపు నుంచి పోయిన మాటే. వాళ్లు చెరువుకు వాడిన ట్యాంకు పుట్టుక కూడా గుజరాతీ, మరాఠీల దాకా పోతుంది. దొర రాస్తే అది ఇంగ్లీషు అయింది. మన ఊరి ఆరో తరగతి బిడ్డ మత్తడి అని రాస్తే తప్పయింది! ఈ తప్పు ఎవరు నిర్ణయించారు? ఏ నిఘంటువు? ఏ వ్యాకరణం? ఇంగ్లీషుకు లేని భయం ఇంగ్లీషు నేర్పే మనవాళ్లకు ఎందుకు? భాష మీద భక్తి పేరుతో బిడ్డల నోటికి తాళం వేయడాన్ని మేం చదువు అని పిలవలేం.

పరాయి మాటల మీద మాకు కోపం ఉందని ఎవరూ అనుకోవద్దు. కరీంనగర్‌లో కమాన్ ఉంది, టవర్ సర్కిల్ ఉంది, కోర్టు చౌరస్తా ఉంది, కాశ్మీర్‌గడ్డ, కార్ఖానాగడ్డ ఉన్నాయి. ఉర్దూ, ఇంగ్లీషు, తెలుగు ఒక్క పేరులో కలిసి బతుకుతున్నాయి. గోదావరిఖనిలో ఎనిమిదో ఇంక్లైన్ కాలనీ అంటే ఆటో ఎక్కించుకోని వాళ్లు లేరు. బొగ్గుబాయి పనికి దిగిన కార్మికుల నోట నలిగి ఇంక్లైన్ మన మాటయింది. దిగువ మానేరు డ్యాంను ఎల్‌ఎండి అని పిలిచినా నొచ్చుకోం. నొప్పి పుట్టించే పేర్లు వేరే ఉన్నాయి. మధ్య మానేరు ప్రాజెక్టులో నీలోజిపల్లి, కొదురుపాక, చీర్లవంచ మునిగిపోయాయి. ఆ ఊళ్లకు వాడలుండేవి, చెరువులుండేవి, ప్రతి పొలానికీ ఒక పిలుపు ఉండేది. ఇప్పుడు ఆ ఊళ్ల పిల్లలు రాసే అడ్రసులో ఊరి పేరు పక్కన ఆర్ అండ్ ఆర్ (పునరావాస) కాలనీ అని ఉంటుంది. పొలాల పిలుపులు ఏ కాగితంలోనూ లేవు. జగిత్యాల, మంచిర్యాల ఇంగ్లీషు స్పెల్లింగులోకి పోయి, ఫోన్‌లోని మ్యాపు గొంతులో జగ్తియాల్, మంచేరియల్ అయి తిరిగి వస్తున్నాయి. మన పిల్లలు కూడా అట్లాగే పలకడం మొదలుపెట్టారు.

2022 జులైలో కడెం ప్రాజెక్టుకు గేట్లు మోయలేనంత వరద వచ్చినప్పుడు దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. దిగువ అన్న మాట విన్నవాళ్లకు తమ ఇల్లు అందులో పడుతుందో లేదో ఎవరూ పటం పెట్టి చూపించలేదు. వాళ్లకు తెలుసు. రేపటి తరానికి ‘నియర్ ద లేక్’ మాత్రమే మిగిలితే ఆ తెలివి ఎక్కడి నుంచి వస్తుంది?

ఆదిలాబాద్ గూడేల్లో ఈ కథ ఇంకో మెట్టు లోతున ఉంది. గోండి, కొలామీ మాట్లాడే పిల్లలకు తెలుగు పేజీ కూడా ఎదుటివాళ్లదే. మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ మొదలుపెట్టి, గోండి వాచకాలు చేయించారు. ఒక విదేశీయుడికి ఎనభై ఏళ్ల కింద తట్టిన సంగతి అది. గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది కాబట్టి అక్షరాల కొరత అని సాకు చెప్పడానికి కూడా ఇప్పుడు వీల్లేదు.

అందుకే పాఠ్యపుస్తకాలు రాసే పెద్దలను అడుగుతున్నాం. ఇంగ్లీషు వాచకంలో ఊరి గురించిన పాఠంలో కొంత చోటు ఖాళీగా వదలండి. మత్తడి, ఒర్రె, శిఖం, లొద్ది, చెలక లాంటివి ఆ మండలం టీచర్లే నింపుకుంటారు. ఉట్నూరు ఐటీడీఏ పరిధిలోని బడుల్లో ఆ ఖాళీలోకి గోండి, కొలామీ మాటలు రావాలి. పిల్లలు ఆ మాటలను ఇంగ్లీషు వాక్యంలో రాస్తే మార్కు కోయవద్దని పేపర్లు దిద్దేవాళ్లకు రాతపూర్వకంగా చెప్పండి.

మా వంతు మేం చేస్తాం. వచ్చే సంచికకు మానేరు, కడెం, పెన్‌గంగ, ప్రాణహిత ఒడ్డు ఊళ్ల పిల్లలు తమ ఇంటికి దారి చెబుతూ ఇంగ్లీషులో రాసి పంపాలి. టీచర్లు దిద్దకుండా పంపాలి. రెండు పేజీలు అనుకున్నాం; ఎక్కువ వస్తే నాలుగు పేజీలు ఇస్తాం.