పందెం కారుకు ముందు బ్రేకు

ధ్వని పాఠం చెప్పే రోజున మా తరగతిలో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది. “సార్, సైలెన్సరు తీసేస్తే బండి స్పీడు పెరుగుతుంది కదా?” అడిగేవాడు చివరి బెంచీవాడే కానక్కర లేదు, ఫస్టు మార్కులవాళ్ళు కూడా అడుగుతారు. మన విశాఖ బీచ్ రోడ్డు మీద రాత్రిపూట పడపడమంటూ పోయే బళ్ళను చూసి, అంత చప్పుడు చేసేది అంత వేగంగానూ పోతుందని వాళ్ళ నమ్మకం.

ఆ చప్పుడెంతో లెక్క కట్టి చూద్దాం. ఒక మీటరు దూరంలో 110 డెసిబెల్స్ అంటే చెవులు మూసుకోవలసిన మోత. దాని తీవ్రత చదరపు మీటరుకు 0.1 వాట్. ఒక మీటరు వ్యాసార్ధం గల గోళం ఉపరితల వైశాల్యం సుమారు 12.6 చదరపు మీటర్లు. ఈ రెంటినీ గుణిస్తే, ధ్వని రూపంలో బయటికి వచ్చే సామర్థ్యం 1.26 వాట్లు! మామూలు 100 సీసీ బండి ఇంజను సామర్థ్యం సుమారు 6,000 వాట్లు. అంటే వీధి వీధంతటి నిద్రా చెడగొట్టే ఆ మోత ఇంజను సామర్థ్యంలో దాదాపు 5 వేలలో ఒక వంతు. దాన్ని బయటికి వదిలినా, లోపలే అణచినా బండికి ఒరిగేదేమీ లేదు. సైలెన్సరు లేకపోతే కాలిన వాయువులు కాస్త సులువుగా బయటికి పోతాయి, నిజమే. కాని లోపలికి వచ్చే గాలి, పెట్రోలు పాళ్ళు ఆ సైలెన్సరును కూడా లెక్కలోకి తీసుకుని కుదిర్చినవి. ఒక్కదాన్ని పీకేస్తే తక్కిన లెక్కలన్నీ తప్పుతాయి.

ఇంతవరకు చెప్పి “కనుక బండి జోలికి పోకండి” అని ముగించే పెద్దలు చాలామంది ఉన్నారు. నేను వారితో ఏకీభవించను. బండిని విప్పి చూడాలని చెయ్యి దురద పెట్టటం మంచి లక్షణం. 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్ గ్రామంలో, ఒక తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు గారికి ఆ దురదే ఉండేది. ఒక బ్రిటిష్ అధికారి మోటారు సైకిలు మీద మనసు పడి, హోటల్లో సర్వరుగా పనిచేసి డబ్బు కూడబెట్టి, దాన్నే కొని, ముక్క ముక్కా విప్పి మళ్ళీ బిగించారు. 1920లో పొల్లాచ్చి, పళని ఊళ్ళ మధ్య ఒక బస్సుతో మొదలుపెట్టి పెద్ద బస్సుల సంస్థను నడిపారు. తరవాత ఎలక్ట్రిక్ మోటార్లు కూడా తయారుచేయించారు.

ఆ కోయంబత్తూరులోనే లక్ష్మీ మిల్సు కుటుంబానికి చెందిన ఎస్. కరివర్ధన్ మన దేశంలో కారు పందేల రూపమే మార్చారు. అంతకు ముందు దక్షిణాది పందేలన్నీ మద్రాసు దగ్గర షోలవరంలో జరిగేవి. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే అది. విదేశీ పందెం కార్లు కొనటం సామాన్యులకు కలలోని మాట. అందుచేత ఫియట్లు, హెరాల్డులు ఇంటి షెడ్డుల్లో సవరించుకుని తీసుకొచ్చేవారు. కరివర్ధన్ ఏం చేశారంటే, మారుతి 800 కారులోని 796 సీసీ ఇంజను తీసుకుని, పైడొల్ల, వెనక సీట్లు, తలుపులు ఏమీ లేని ఒంటి సీటు కారులో పెట్టారు. అదే ఫార్ములా మారుతి. న్యూటన్ రెండో నియమం మీకు తెలుసు: బలం అదే ఉండి ద్రవ్యరాశి తగ్గితే త్వరణం పెరుగుతుంది. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో చనిపోయారు. ఆయన మేనల్లుడు నారాయణ్ కార్తికేయన్ మొదటి పందెం నడిపింది ఫార్ములా మారుతిలోనే. 2005లో ఫార్ములా వన్ పందేల్లో దిగిన మొదటి భారతీయుడు కూడా అతనే.

సంతలో దొరికే సామాను కొని బిగించటం వేరు, వీరు చేసిన పని వేరు. కారులో ఏదో ఒకటి మార్చారు, ట్రాక్ మీద నడిపారు, గడియారం చూశారు. పోయినసారి కంటె ఎన్ని సెకన్లు తగ్గింది? తగ్గకపోతే ఎందుకు? ట్రాక్ అంటే నా దృష్టిలో ఒక ప్రయోగశాల. అదే మలుపు, అదే దూరం, అడ్డం వచ్చేవాళ్ళు లేరు. ఒక్క విషయం మార్చి తక్కినవి స్థిరంగా ఉంచవచ్చు. జగదాంబ జంక్షన్‌లో అది కుదరదు. పైగా అక్కడ దారినపోయేవాళ్ళందరినీ అడక్కుండానే మన ప్రయోగంలో చేర్చినట్టవుతుంది.

సరే, ఇంట్లో ఒక కారు ఉంది, ట్రాక్ మీద నడపటానికి మన చేతులతోనే సవరించాలి అనుకోండి. మొదట ఏం మార్చాలి? వందమందిని అడిగితే తొంభైమంది ఇంజను అంటారు. నేను బ్రేకు అంటాను. ఎందుకో చెబుతాను, కాగితం పెన్సిలు తీసుకోండి.

1,000 కిలోల కారు గంటకు 60 కి.మీ. వేగంతో పోతుంటే దాని గతిశక్తి సుమారు 1 లక్షా 39 వేల జౌల్స్. వేగం 120 అయితే? రెట్టింపు కాదు, నాలుగింతలు: 5 లక్షల 56 వేల జౌల్స్. మలుపు ముందు 120 నుంచి 60కి తగ్గించాలంటే ఈ రెంటి తేడా, సుమారు 4 లక్షల 17 వేల జౌల్స్ ఎక్కడికో పోవాలి కదా? ఘర్షణ వల్ల వేడిగా మారి బ్రేకు డిస్కుల్లోకి పోతుంది. బ్రేకు వేసినప్పుడు కారు బరువు ముందుకు ఒరుగుతుంది గనుక ముందు బ్రేకులకే 70 శాతం పని పడిందనుకుందాం. ముందు డిస్కులు రెండూ కలిపి 10 కిలోల ఇనుము అనుకుంటే, ఒక్కసారి బ్రేకు వేసినందుకు వాటి ఉష్ణోగ్రత 63 డిగ్రీలు పెరుగుతుంది. చుట్టుకు ఐదు పెద్ద మలుపులుంటే ఐదుసార్లు. చల్లారటానికి మధ్యలో ఉండేది కొద్ది సెకన్లే. పది చుట్లయ్యేసరికి ఆ డిస్కుల గతి ఏమిటో మీరే ఊహించండి. చీకటి పడ్డాక పందేలు చూస్తే అవి కొలిమిలో ఇనుములా ఎర్రగా వెలుగుతూ కనిపిస్తాయి.

ఆ వేడి అక్కడితో ఆగదు. బ్రేకు పెడలు నుంచి చక్రం దాకా బలాన్ని మోసుకుపోయేది గొట్టాలలోని బ్రేకు ఆయిలు. ద్రవాలు నొక్కినా కుదించుకుపోవని పాస్కల్ నియమం చెప్పేటప్పుడు చదువుకున్నాం. డాట్ 3 రకం ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. కాని దానికి ఒక దుర్గుణం ఉంది: గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొద్ది శాతం నీరు చేరితే చాలు, 140 డిగ్రీల దగ్గరే మరగవచ్చు. డాట్ 4 రకానికి ఈ అంకెలు 230, 155. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి. వాయువు మాత్రం నొక్కితే కుదించుకుపోతుంది. అప్పుడు పెడలు తొక్కితే బుడగ నలుగుతుందే గాని చక్రం ఆగదు. కాలు నేలకు తగులుతుంది, కారు సాగిపోతూనే ఉంటుంది. మనది సముద్రపు గాలి. ఈ ఊళ్ళో బట్టలే సరిగా ఆరవు, బ్రేకు ఆయిలు సంగతి వేరే చెప్పాలా? అరకు నుంచి దిగే బస్సు డ్రైవర్లు ఘాట్ రోడ్డులో బ్రేకు మీదే కాలు ఉంచకుండా తక్కువ గేరులో ఎందుకు దిగుతారో ఇప్పుడు తెలిసింది కదా! వేడిలో కొంత వాటా ఇంజనుకు పంచిపెడుతున్నారన్న మాట.

కాబట్టి ఇంటి సవరణల్లో నాకు అన్నిటికంటె నచ్చేది చవకైనదే. పాత ఆయిలు తీసి కొత్తది పొయ్యటం. ముందు బంపరుకు రెండు రంధ్రాలు చేసి, వేడికి తట్టుకునే గొట్టాలు తగిలించి, ఎదురుగాలిని నేరుగా డిస్కుల మధ్యకు పంపటం. దీనివల్ల ఇంజను సామర్థ్యం ఒక్క వాటు కూడా పెరగదు. కాని మొదటి చుట్టులో ఎక్కడ బ్రేకు వేశాడో పదో చుట్టులోనూ అక్కడే వెయ్యగలడు. ఆ నమ్మకం లేని పక్కవాడు ఎంత పెద్ద ఇంజను పెట్టుకున్నా ముందుగానే భయపడి వేగం తగ్గిస్తాడు.

ఇక స్ప్రింగులు. కారు కిందికి ఉంటే గురుత్వ కేంద్రం కిందికి దిగుతుంది, మలుపులో ఒరగటం తగ్గుతుంది. ఇంతవరకు నిజమే. దీనికోసం కొందరు స్ప్రింగును గ్యాస్ కటరుతో రెండు చుట్లు కోసేస్తారు. ఇది ఉక్కు నగరం. మీలో కొందరి నాన్నగార్లు ఆ కొలుముల దగ్గరే పనిచేస్తూ ఉంటారు, ఈ తప్పు ఏమిటో ఇంట్లోనే అడగండి. స్ప్రింగు ఉక్కును బాగా కాచి, నూనెలో చల్లార్చి, మళ్ళీ మితంగా వేడిచేస్తే గాని దానికి ఆ బిగి రాదు. గ్యాసు మంట తగిలిన చోట ఆ గుణమంతా చెడుతుంది. ఇంకొక చిక్కు: 8 చుట్ల స్ప్రింగులో 2 చుట్లు కోస్తే అది మెత్తబడదు, మూడో వంతు గట్టిపడుతుంది. పొట్టిది కూడా అవుతుంది గనుక, చక్రం గాలిలోకి లేచినప్పుడు తన చోటు నుంచి జారిపోవచ్చు. ట్రాక్ కోసం కావాలంటే ఆ కొలతలకే చుట్టిన స్ప్రింగులు దొరుకుతాయి. రంపంతో పొదుపు చెయ్యవలసిన చోటు ఇది కాదు.

వెనకాల రెక్కలు బిగించే సరదా గురించి ఒక్క మాట చాలు. గాలి నొక్కే బలం వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. 160 కి.మీ. వేగంలో పనిచేసే రెక్కకు 40 కి.మీ. దగ్గర మిగిలేది పదహారో వంతు. మద్దిలపాలెం ట్రాఫిక్‌లో దాని ఉపయోగం కాకి వాలటానికే.

టైర్ల విషయం మాత్రం గేజీ ఒక్కటి ఉంటే చాలు, ఎంతో నేర్పుతుంది. 30 డిగ్రీల దగ్గర 30 పి.ఎస్.ఐ. గాలి కొట్టిన టైరు ట్రాక్ మీద 70 డిగ్రీలకు వేడెక్కితే పీడనం దాదాపు 36 అవుతుంది. (వాతావరణ పీడనం 14.7ను కలిపి, ఉష్ణోగ్రతను కెల్విన్‌లలో తీసుకుని లెక్కించండి, వస్తుంది.) ఉబ్బిన టైరు నడుమ మాత్రమే నేలకు ఆనుతుంది. అందుకే అనుభవజ్ఞులు ముందే కొంత గాలి తగ్గించి బయలుదేరుతారు.

ఇలా సవరించిన కారు మళ్ళీ రోడ్డెక్కకూడదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషనులో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చటం నిషిద్ధం. అసలైన పందెం కారు లారీ మీదో ట్రైలరు మీదో ఎక్కి ట్రాక్ దాకా వెళుతుంది. అక్కడ కూడా తనిఖీదారులు బెల్టు, బ్రేకు, హెల్మెటు చూసి సరే అంటే గాని దిగనివ్వరు.

కాని ట్రాక్ ఏదీ? ఇదే నా అసలు ఫిర్యాదు. చెన్నై పక్కన ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుంచి ఒకటి ఉంది. కోయంబత్తూరులో కరివర్ధన్ పేరిట ఇంకొకటి ఉంది. విశాఖ కుర్రాడు అక్కడికి పోవాలంటే రాత్రంతా రైలు ప్రయాణం. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున రోడ్లు మూసి, సుమారు 2.8 కి.మీ. ట్రాక్ చేసి విద్యుత్ కార్ల ప్రపంచ పందెం నడిపారు. మరుసటి ఏడు అది రద్దయింది. ఒక రోజు అతిథుల కోసం అంత ఏర్పాటు చెయ్యగలిగినవాళ్ళం, మన పిల్లల కోసం నెలకు ఒక ఆదివారం ఒక ఖాళీ మైదానం ఇవ్వలేమా? కోట్లు అక్కర లేదు. రబ్బరు శంకువులు, చుట్టూ కంచె, ఒక అంబులెన్సు, స్టాప్‌వాచీలు. శంకువుల మధ్య మెలికలు తిరిగే దారిలో గంటకు 50 కి.మీ. దాటనవసరం లేకుండానే డ్రైవరు నేర్పు, బండి గుణం రెండూ బయటపడతాయి. పోలీసువారు రాత్రి కాపలా కాసి బళ్ళు పట్టుకోవటం అవసరమే, కాదనను. కాని పట్టుకున్నవాణ్ణి ఎక్కడికి పొమ్మంటున్నాం?

బండి నడపటానికి మీకు 18 ఏళ్ళు నిండాలి. స్టాప్‌వాచీ పట్టుకోవటానికి ఏ లైసెన్సూ అక్కర లేదు. ప్రతి హైస్కూలు లాబరేటరీలోనూ పెట్రోలు ట్యాంకు ఖాళీ చేసిన పాత స్కూటరు ఒకటి ఉండాలని నా కోరిక. పాఠం చెప్పేటప్పుడు బ్రేకు విప్పి చూపించటానికి దాన్ని మించిన పటం లేదు. ఇంజనీరింగు, పాలిటెక్నిక్ కాలేజీలకు వెళ్ళాక మీరే కారు తయారుచెయ్యవచ్చు. బాజా, ఫార్ములా భారత్ అనే విద్యార్థుల పోటీలు ఉన్నాయి. అక్కడ కారు వేగంతో పాటు, ఆ భాగాన్ని అలాగే ఎందుకు చేశారో చెప్పమని కూడా అడుగుతారు.

అందాకా ఒక చిన్న పని. అయిపోయిన బాల్ పెన్నుల నుంచి ఒకే రకం స్ప్రింగులు రెండు తీయండి. ఒకదాన్ని సరిగ్గా సగానికి కత్తిరించండి. రెంటినీ విడివిడిగా రీఫిల్లుకు తొడిగి నిలబెట్టి, నడుమ రంధ్రం ఉన్న అట్టముక్క పైన పెట్టి, దాని మీద నాణేలు ఒక్కొక్కటే పేర్చండి. ఎన్ని నాణేలకు ఏ స్ప్రింగు ఎన్ని మిల్లీమీటర్లు కుంగిందో పట్టిక వేసి మీ సైన్సు మాస్టారికి చూపించండి. పొట్టి స్ప్రింగు సగమే కుంగాలి. కుంగకపోతే ఇంకొక జత స్ప్రింగులతో మళ్ళీ కొలవండి.