విద్యుత్ బస్సు బళ్లారి పొలిమేర దాటాలి

నగరాల్లో పొగలేని బస్సుల కోసం కేంద్రం 2023 ఆగస్టులో పీఎం ఈ-బస్ సేవా పథకాన్ని ఆమోదించింది. 10 వేల బస్సులు, రూ.57,613 కోట్ల అంచనా వ్యయం. 2011 జనగణన ప్రకారం 3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాలకే ఇది ప్రధానంగా వర్తిస్తుంది. 4 లక్షలు దాటిన బళ్లారి ఆ లెక్కలోకి వస్తుంది. సిరిగేరి రాదు. చిక్కంతా ఇక్కడే ఉంది.

బళ్లారిలో జీన్స్ కుట్టేవాళ్లు, బేల్దారి పనివాళ్లు, హమాలీలు అందరూ నగరంలోనే కాపురం ఉండరు. అక్కడి అద్దెలు కట్టలేనివాళ్లు చుట్టుపక్కల ఊళ్ల నుంచి, క్యాంపుల నుంచి రోజూ వచ్చిపోతుంటారు. పొద్దున బస్సు దొరక్కపోతే డీజిల్ ఆటోనో, టెంపోనో దిక్కు. నగరం లోపల మాత్రమే విద్యుత్ బస్సు తిరిగితే ఈ పొగ తగ్గదు, వాళ్ల ఖర్చూ తగ్గదు.

2023 జూన్ 11న మొదలైన శక్తి పథకంతో ఆడవాళ్లకు ఆర్డినరీ బస్సుల్లో టికెట్ భారం తప్పింది. మగవాళ్లకు మాత్రం 2025 జనవరిలో ఛార్జీలు 15 శాతం పెరిగాయి. పైగా, టికెట్ ఉచితమైనంత మాత్రాన పని వేళకు బస్సు వస్తుందన్న హామీ లేదు.

దూరం పెద్ద అడ్డంకి కాదు. బళ్లారి నుంచి సిరుగుప్పకు సుమారు 55 కిలోమీటర్లు. రానూపోనూ 110. ఒక్క ఛార్జింగ్‌తో 150 కిలోమీటర్లకు పైగా నడిచే బస్సులు ఇప్పటికే దేశంలో తిరుగుతున్నాయి. మధ్యలో ఉన్న సిరిగేరికి బస్సు రాకపోవడానికి బ్యాటరీని సాకుగా చెప్పలేరు. రూటు ఎవరి కోసం వేస్తారన్నదే ప్రశ్న.

ఆ రూటుకు కావలసిన లెక్క ఆర్టీసీ చేతిలోనే ఉంది. శక్తి కింద కండక్టర్ ఇచ్చే సున్నా టికెట్లు చూస్తే ఏ స్టేజీలో, ఏ వేళకు ఎంతమంది ఆడవాళ్లు ఎక్కుతున్నారో తెలుస్తుంది. టెంపోల్లో వెళ్లేవాళ్లు మాత్రం అందులో కనిపించరు. వాళ్ల లెక్క ఊరే చెప్పాలి.

తరాలుగా ఇక్కడే స్థిరపడిన మన కుటుంబాలు చేయగలిగింది అదే. వీధుల వారీగా ఎవరు ఎన్నింటికి బయలుదేరుతున్నారో రాసి, గ్రామసభలో తీర్మానం చేయించి, కన్నడంలో అర్జీగా కల్యాణ కర్ణాటక ఆర్టీసీ బళ్లారి డివిజన్‌కు ఇవ్వాలి. రూట్లు ఖరారయ్యాక అడిగితే ఆలస్యమవుతుంది.