లేసు సంచికి కూలి లెక్క

"ఆడవాళ్లు ఖాళీ టైములో అల్లుకునేది కదండీ, దానికి గంటల లెక్కేమిటి?" లేసు కూలి గురించి ఎప్పుడు మాట ఎత్తినా ఎవరో ఒకరు ఇలా అంటారు. నరసాపురం, పాలకొల్లు, మొగల్తూరు వైపు ఈ మాట ఎంతగా పాతుకుపోయిందంటే, అల్లేవాళ్లే "పనేం చెయ్యనండీ, ఇంటి దగ్గరే ఉంటా, లేసల్లుకుంటా" అంటారు. పొద్దున్నే వంట, పిల్లలు, గేదెలు అయ్యాక కూర్చుంటే దీపాల వేళ దాకా వంచిన మెడ ఎత్తరు. అది ఖాళీ టైమా?

19వ శతాబ్దం మధ్యలో మిషనరీ దంపతులు మన గోదావరి డెల్టాకు తెచ్చిన క్రోషే అల్లిక ఇది. ఇప్పుడు టేబుల్ క్లాతులతో పాటు భుజానికి తగిలించుకునే సంచులు, పర్సులు కూడా ఇక్కడ తయారవుతున్నాయి. ఒక్క సంచి ఎలా తయారవుతుందో దగ్గరగా చూడండి. దారపు ఉండ దొర్లిపోకుండా గిన్నెలో పెడతారు. ఎడమ చూపుడువేలికి దారం చుట్టి, కుడిచేతి సూది కొక్కెంతో ఒక్కో ముడీ లాగుతారు. పెదాల మీద లెక్క నడుస్తూనే ఉంటుంది. మధ్యలో గుమ్మంలో ఎవరైనా పిలిచి లెక్క తప్పితే ఆ వరస విప్పేసి మళ్లీ అల్లాలి. విప్పిన వరసకు కూలి లేదు. సంచి ముక్కలన్నీ అయ్యాక వాటిని కలిపే అతుకు పని వేరు. దారం మాసినా, ముక్క కొలత తప్పినా ఆ నష్టం అల్లినామెదే. ఏళ్ల తరబడి అల్లిన చేతికి వేలి మీద దారం కోసిన గాడి ఉంటుంది, కళ్లకు అద్దాలు వస్తాయి. ధర కట్టేటప్పుడు వీటిలో ఏదీ కాగితం మీదికి రాదు.

జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1970ల చివర్లో ఈ ఊళ్లలో తిరిగి, 1982లో నరసాపురం లేసు పనివారి మీద పుస్తకం తెచ్చారు. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లే ఆడవాళ్లకు సగటున రూపాయి కూడా గిట్టడం లేదని, పొలం కూలి అంతకంటే ఎక్కువని ఆమె లెక్కగట్టారు. అల్లేది ఆడవాళ్లు, అమ్మేది మగవాళ్లు. అల్లేవాళ్లను "గృహిణులు" అనేయడం వల్లే కూలి అడుగున ఉండిపోయిందన్నది ఆమె వాదన. నలభై ఏళ్లు దాటినా ఆ వాదనకు జవాబు చెప్పిన వ్యాపారిని నేను చూడలేదు.

సంచి ధర ఇప్పుడు ఎలా తేలుతుంది? కొనేవాడు ఇంత అంటాడు. అందులోంచి రవాణా, దారం, ఎగుమతిదారు లాభం, ఏజెంటు కమీషను పోగా మిగిలింది అల్లినామెకు. లెక్క అల్లినామె వైపు నుంచి మొదలుకావాలి. ఉపాధి హామీ కూలి 2025-26లో మన రాష్ట్రంలో రోజుకు 307 రూపాయలు. సంచికి రెండున్నర రోజుల పని అనుకుందాం. చేతి కూలి ఒక్కటే 767 రూపాయలు దాటుతుంది. నైపుణ్యానికి పైసా కలపకుండా, మట్టి పని లెక్కనే! బజారులో చేతి అల్లిక సంచి అయిదొందలకు కనిపిస్తే, అందులో ఎవరి కూలి కోసేశారో చెప్పనక్కర్లేదు. నిజమైన క్రోషే అల్లికను ఫ్యాక్టరీ మిషన్లు చెయ్యవు. అంత చౌక సంచి కూడా ఎవరో ఒకరు కూర్చుని అల్లిందే.

కానీ ఖరీదైన బ్రాండు అయితే కూలి దానంతటదే పెరుగుతుందన్న ఆశ నాకు లేదు. 2024 జూన్‌లో ఇటలీలోని మిలాన్ కోర్టు ఫ్యాషన్ బ్రాండు డియోర్ తయారీ సంస్థను పర్యవేక్షణ కింద పెట్టింది. దుకాణంలో 2,600 యూరోలు పలికే హ్యాండ్‌బ్యాగుకు, తోలు ఖర్చు కాకుండా, కాంట్రాక్టరుకు దక్కింది 53 యూరోలని దర్యాప్తులో తేలింది. పనివాళ్లు కాంట్రాక్టర్ల కార్ఖానాల్లోనే పడుకునేవారు. కోర్టు నేరం కంపెనీది అనలేదు, కాంట్రాక్టర్ల మీద కన్ను వేసి ఉంచలేదంది. మన దగ్గరా ఏజెంటు, ఆ కింద ఇంకో ఏజెంటు. ఎంత మెట్టు దిగితే అంత చీకటి.

నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. నకిలీ సరుకు ఆ పేరు వాడుకోకుండా ఆ గుర్తింపు కాపాడుతుంది గానీ, అల్లినామెకు ఎంత ముట్టాలో అందులో ఎక్కడా లేదు. ఎగుమతిదారుల ఇబ్బంది నాకు తెలియనిది కాదు. చైనా సరుకుతో పోటీ, పెరిగే దారం ధర, ఆర్డరు పోతుందన్న భయం ఉన్నాయి. కానీ ఆ భారమంతా అరుగు మీద కూర్చున్నామె మీదికే ఎందుకు జారుతుంది? ఎందుకంటే ఆమె ఒంటరి. పక్కింటామెకు ఏ రేటు ఇస్తున్నారో కూడా ఆమెకు తెలియదు. అందరినీ ఒక పైకప్పు కింద చేర్చే ఫ్యాక్టరీ ఉంటే ఆ మాట పది నిమిషాల్లో తెలిసిపోయేది.

ఇంటి నుంచి పనిచేసేవారికీ మిగతా కార్మికుల్లాగే రక్షణ ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో 177వ ఒప్పందం చేసింది. మన దేశం ఇంకా ఆమోదించలేదు. అంతదాకా ఆగనక్కర్లేదు. ప్రతి డిజైనునూ మామూలు వేగంతో అల్లించి, అతుకుతో సహా ఎన్ని గంటలు పట్టిందో రాయాలి. దాని మీద ముక్క రేటు కట్టి, ఊరి పంచాయతీ బోర్డు మీద అంటించాలి. సంచికి వేసే చీటీ మీద ధర పక్కనే ఆ గంటలు, ఆ కూలి అచ్చు వెయ్యాలి. ప్రభుత్వానికి చెందిన లేపాక్షి దుకాణాలు ఈ పని వచ్చే సీజనుకే మొదలుపెట్టవచ్చు.