సముద్రం మీద గీత ఎవరికి కనిపిస్తాది?

అమెరికాలో వలసల శాఖ అధికారులు మనుషుల్ని పట్టుకుపోవడం నేడు పెద్ద వార్త. వారి వారంటు మీద జడ్జి సంతకం ఉండదు. ఆ శాఖ అధికారే పెడతాడు. పారిపోతాడని అనిపిస్తే ఆ కాగితమూ అక్కర్లేదు. ఆ శాఖే మిషిగన్‌లో ఫార్మింగ్టన్ అనే దొంగ యూనివర్సిటీ పెట్టి, అందులో చేరిన విద్యార్థుల్ని 2019 జనవరిలో అరెస్టు చేసింది. వారిలో తెలుగు పిల్లలే ఎక్కువ. పత్రికలు గగ్గోలెత్తాయి. ఎత్తాల్సిందే.

కానీ దానికి రెండు నెలల ముందే, 2018 నవంబరులో, మన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారుల్ని అరేబియా సముద్రంలో పాకిస్తాన్ బలగాలు పట్టుకుపోయాయి. బతుకుతెరువు కోసం గుజరాత్ వెళ్లి వేరావల్‌లో బోటెక్కిన కూలీలు వాళ్లు. బోటు వాళ్లది కాదు, వల వాళ్లది కాదు, పడిన చేపా వాళ్లది కాదు. జైలు మాత్రం వాళ్లది. 20 మంది వాఘా దాటి ఇటు అడుగుపెట్టింది 2020 జనవరి 6న. పదమూడు నెలలు పైనే!

చట్టం లేదా? ఉంది. తీరానికి 12 మైళ్ల అవతల ఆర్థిక మండలిలో చేపలు పట్టిన నేరానికి, దేశాల మధ్య ఒప్పందం లేనిదే జైలు వెయ్యకూడదని, పూచీ మీద బోటునీ మనుషుల్నీ త్వరగా వదలాలని ఐక్యరాజ్యసమితి సముద్ర చట్టం 73వ అధికరణం చెబుతోంది. రెండు దేశాలూ దానికి కట్టుబడ్డాయి. 2008 ఒప్పందం ప్రకారం అరెస్టయిన మూడు నెలల్లోగా మన దౌత్యాధికారి ఖైదీని కలవాలి. ఏటా జనవరి 1న, జులై 1న ఖైదీల జాబితాలు మార్చుకోవాలి. మన దేశమూ పాకిస్తాన్ జాలర్లను ఇలాగే జైళ్లలో పెడుతోంది. అటూ ఇటూ ఊచల వెనక ఉన్నది పేదోడే.

అనుమానం మీద స్టేషనుకు ఈడ్చుకుపోవడం మన మాల, మాదిగ వాడలకు కొత్త కాదు. అందుకే వాడబలిజల, జాలర్ల ఈ కష్టం మనదే. అడిగేవాడు లేనిచోట అరెస్టు చేసేవాడి చెయ్యే చట్టం.

ఏటి చెయ్యాలి? బోటెక్కేముందు బోటు నెంబరు, యజమాని పేరు, ఫోను, ఆధార్ నకలు ఇంట్లో ఇచ్చి వెళ్లండి. మనిషి పట్టుబడితే కలెక్టరుకీ మత్స్యశాఖకీ రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. జాబితాలో పేరుందా అని జనవరిలో, జులైలో నిలదీయండి. సంఘం కార్యకర్తలు వెంట నడవాలి.

మన తీరంలోనే రేవు, ఏడాది పొడుగునా పని ఉంటే మన బిడ్డ ఆ గీత దాకా ఎందుకు పోతాడు? సర్కారు ముందు జవాబు చెప్పాల్సింది దీనికి.