ఉదయగిరి దుర్గానికి కాలిబాటే మేలు

సంపాదకుల వారికి,

ఉదయగిరి దుర్గం ఊసొస్తే చాలు, కలిగిరి టీ అంగడిలోనైనా వింజమూరు బస్టాండులోనైనా మాట ఒక్కచోటికే చేరుతుంది: పైదాకా ఘాట్ రోడ్డు వేయాలి, లేకుంటే రోప్‌వే పెట్టాలి, అప్పుడుగానీ టూరిస్టులు రారు అని. ఉదయగిరి బాగుపడాలనే నా కోరికా. అయినా ఆ రెండూ వద్దంటాను. ఉన్న పాతబాటను బాగుచేస్తే చాలు.

సముద్రమట్టానికి 3,079 అడుగుల ఎత్తున్న ఆ కొండ కొన్నివైపుల దాదాపు వెయ్యి అడుగుల నిలువు చరియ. మనిషి ఎక్కడానికి వీలున్న ప్రతి బాటకూ పైనుంచి కాపు ఉండేట్టు గోడలు కట్టారు. కొండ మీద ఎనిమిది, కింద అయిదు, మొత్తం పదమూడు కోటలని లెక్క చెబుతారు. అంటే ఇక్కడి కోట శిఖరం మీద ఒకచోట కుదురుగా కూర్చున్నది కాదు, ఎక్కే దారి పొడవునా పరుచుకుని ఉంది. రొప్పుతూ మలుపు తిరిగి తలెత్తితే, పైన గోడమీంచి ఒక్క రాయి దొర్లిస్తే మన గతేమిటో తెలిసిపోతుంది. ఆ భయమే ఈ కోట పనితనం. రోప్‌వే డబ్బాలో కూర్చుని పైన దిగినవాడు శిథిలాలు చూస్తాడు, గాలి పీలుస్తాడు, సెల్ఫీ దిగుతాడు. కోటను మాత్రం చూడలేదనే చెప్పాలి.

విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ ఈ దుర్గం మీద జరిగిన ముట్టడి గురించి రాసిపెట్టాడు. శ్రీకృష్ణదేవరాయలు 34 వేల కాల్బలంతో, 800 ఏనుగులతో వస్తే, లోపల ఒడిశా గజపతి రాజు మనుషులు 10 వేలమంది, గుర్రాలు 400. అంతకుమించి అక్కర్లేకపోయిందట, తిండి ఆపి మాడ్చితే తప్ప లొంగే కోట కాదు గనుక. ఆయన చెప్పిన ప్రకారం ఉన్న ఒకే దారిలో మనుషులు ఒకరి వెనక ఒకరు నడవాల్సిందే. రాయలు ఏడాదిన్నర కూర్చుని, పెద్ద పెద్ద బండలు పగలగొట్టించి, వెడల్పు దారులు వేయించి బురుజుల దాకా చేరాడు. 1514లో దుర్గం పడింది. ఈ కొండకు వెడల్పు దారి వేయడమంటే అప్పుడు యుద్ధం. పగవాడు చేసిన ఆ పనిని ఇప్పుడు జేసీబీలు పెట్టి మనమే చేయిస్తామంటున్నాం. గుప్తనిధుల పిచ్చితో కొండను తవ్వేవాళ్ళకు ఆ రోడ్డు ఎంత వాటమో వేరే చెప్పాలా?

పెద్దవయసువాళ్ళు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు, పైన మసీదుకు వెళ్ళాలనుకునే ముసలివాళ్ళు ఏం కావాలని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కింద ఉన్న కోటగోడలను, గుళ్ళను వాళ్ళు తీరిగ్గా చూసేట్టు చేయాలి. పైకి రాలేని వాళ్ళున్నారని పైనున్నదాన్ని కొట్టేయడం మాత్రం పరిష్కారం కాదు.

ఇక డబ్బు సంగతి. రోడ్డుంటే నెల్లూరునుంచి కారు వస్తుంది, గంటలో ఎక్కి దిగుతుంది, రాత్రి భోజనానికి నెల్లూరులోనే ఉంటుంది. నడిచి ఎక్కేవాడికి ఆ వీలు లేదు. మన ఎండలకు తెల్లారకముందే బయలుదేరాలి, అంటే ముందురోజు రాత్రి ఉదయగిరిలో పడుకోవాలి, టిఫిన్ కట్టించుకోవాలి, దారి తెలిసిన మనిషిని వెంట పెట్టుకోవాలి. దిగివచ్చి కాళ్ళు చాపుకున్నాక ఊళ్ళో చెక్కే నర్దికొయ్య గరిటో దువ్వెనో కొనే తీరికా అప్పుడే దొరుకుతుంది. 2015లో ఆ పనితనానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది, గిరాకీ కూడా రావద్దూ! మహారాష్ట్రలో సహ్యాద్రి కోటల కింది పల్లెల్లో శని, ఆదివారాలు పొద్దున్నే కొండెక్కే వాళ్ళకు శనగపిండి పిట్లా, జొన్నరొట్టెలు అమ్ముకుని బతికేవాళ్ళు ఎందరో. పక్క తమిళనాడులో మన దేశింగురాజు కథ తెలిసిన సెంజికోటనూ జనం మెట్లెక్కే చూస్తున్నారు. 2025లో దానికి యునెస్కో గుర్తింపు వచ్చింది.

బాట బాగుచేయమంటే గ్రానైటు మెట్లు, స్టీలు రెయిలింగులు పెట్టమని కాదు. కమ్ముకున్న ముళ్ళకంప కొట్టి, కదిలే రాళ్ళను కుదురుగా పేర్చి, దారి చీలేచోట బండ మీద సున్నంతో బాణం గుర్తు వేస్తే చాలు. జనం తప్పిపోయేది ఎక్కేటప్పుడు కన్నా దిగేటప్పుడు. పొద్దువాలి, నీళ్ళయిపోయి, ఫోను చార్జింగు చచ్చాక, పైనుంచి చూస్తే ప్రతి సందూ బాటలాగే ఉంటుంది. అందుకని కింద ఒక రిజిస్టరు ఉండాలి. ఎక్కినవాళ్ళ పేర్లు రాసి, సాయంత్రం దిగినవాళ్ళతో సరిచూసే మనిషి ఉండాలి. మధ్యాహ్నం తర్వాత ఎవరినీ ఎక్కనివ్వకూడదు. ఏప్రిల్, మే నెలల్లో పూర్తిగా మూసేయాలి.

ఆ మనిషిని ఎక్కడో వెతకనక్కర్లేదు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ గురుకుల పాఠశాలల పిల్లలు. వాళ్ళు తాడు పట్టడం నేర్చుకున్నది భువనగిరి బండ మీద. దుర్గం కింది ఊళ్ళ కుర్రాళ్ళను ఓ పదిమందిని అక్కడికి శిక్షణకు పంపి, బాట కాపలా జీతంతో వాళ్ళకే అప్పగించండి. సంక్రాంతి సెలవులకు జనం ఎటూ కొండెక్కుతారు. కనీసం బాణం గుర్తులు, రిజిస్టరు ఆలోపే పెట్టించాలని సంబంధిత శాఖలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, కలిగిరి, నెల్లూరు జిల్లా