కీళ్ల వదులుకు కసుర్లు మందు కావు

నడుస్తూ నడుస్తూ తూలిపడే పిల్లను "కళ్లు నెత్తికెక్కాయా" అని కసరడం, కాళ్లు లాగుతున్నాయంటే ఒళ్లు దొంగ అనడం పల్లెల్లో మామూలే. ఇలాంటి పిల్లల్లో కొందరికి ఉన్నది పొగరూ కాదు, బద్ధకమూ కాదు. పుట్టుకతో వచ్చిన కీళ్ల వదులు. బడి వార్షికోత్సవంలో అదే పిల్ల ఒళ్లు విల్లులా వంచితే అందరూ చప్పట్లు కొడతారు.

బొటనవేలు మడిచి ముంజేతికి ఆనించడం, మోకాళ్లు వంచకుండా అరచేతులు నేలకు తాకించడం వంటి గుర్తులకు వైద్యులు 9 మార్కుల పరీక్ష పెడతారు. మార్కులు ఎక్కువ వచ్చినంత మాత్రాన జబ్బు కాదు. నొప్పులు, కీలు జారడం, తరచూ పడిపోవడం తోడైతేనే వైద్యం కావాలి.

ఎముకలను పట్టి ఉంచే పట్టీలు సాగుడుగా ఉంటే, కాలు ఎక్కడుందో, ఎంత వంగిందో మెదడుకు అందే కబురు మందగిస్తుంది. పట్టపగలు కళ్లు ఆ లోటు కొంత పూడుస్తాయి. చీకటి పడ్డాక పొలం గట్టు మీద ఆ ఆసరా ఉండదు.

ఒంటిని అదిమి పట్టే బిగుతు దుస్తులు చర్మం ద్వారా మెదడుకు ఆ కబురు అందించడానికి తోడ్పడతాయని వైద్యులు భావిస్తున్నారు. ఫ్రాన్సులో కొద్దిమందిపై జరిగిన పరిశీలనల్లో నిలకడ కొంత మెరుగైనట్టు తేలింది. కానీ కొలత ప్రకారం కుట్టించినవి ఖరీదు. పైగా వేసవి ఎండల్లో రోజంతా తొడుక్కోవడం మాటలు కాదు. వాటికి బదులు క్రేప్ బ్యాండేజీ బిగించి చుట్టుకోవడం ప్రమాదం. తిమ్మిరి ఎక్కినా, వేళ్లు రంగు మారినా వెంటనే విప్పేయాలి.

అసలు బలం కసరత్తుదే. గోడ దగ్గర ఒంటికాలిపై నిలబడటం, మోకాలిని వెనక్కి బిగించకుండా నిలవడం, తొడ, పిక్క కండరాలను మెల్లగా గట్టిపరచడం ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోవాలి. కీలును ఇంకా సాగదీసే విన్యాసాలు, నాటు వైద్యుల లాగుళ్లు కూడదు. ఇది ఒక్కసారి చూపించుకుంటే తీరేది కాదు, నెలల తరబడి సాగాలి. కూలి మానుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని ఎంతమంది పట్నం తిరగగలరు? రెండోసారికే మానేస్తారు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీలకు, బడులకు వచ్చి పిల్లలను పరీక్షించాలి. ఆ జాబితాలో వంకర పాదం, తుంటి కీలు లోపం ఉన్నాయి. కీళ్ల వదులుకు విడిగా చోటు లేదు. ఆ వంగుళ్లు చూడటానికి యంత్రాలు అక్కర్లేదు, అయిదు నిమిషాలు చాలు. తరచూ పడిపోయే పిల్లలకైనా ఈ పరీక్ష చేయాలి. వారానికి ఒక్క రోజైనా ఫిజియోథెరపిస్టు మండల ఆరోగ్య కేంద్రానికి వచ్చేలా జిల్లా వైద్యాధికారులు ఏర్పాటు చేయాలి. అందాకా డ్రిల్లు మాస్టార్లు ఆ పిల్లల చేత గుంజీలు తీయించడం మానాలి.